నూనె బేరం అధ్యాయం

"ఫోన్లన్నీ ఇందులో పెట్టండి," అంటూ డాక్టరమ్మ స్టీలు ట్రే ముందుకు చాపింది. మామూలు రోజుల్లో అందులో పళ్లు పీకే పట్టకార్లు ఉంటాయి.

ఎవరూ కదల్లేదు. వెనక తలుపు గడియ పడిన చప్పుడైంది. గడియ వేసింది ప్రూఫక్క. వేసి, తలుపుకి వీపు ఆనించి అక్కడే నిలబడింది.

"ఏంటక్కా, మమ్మల్ని కిడ్నాప్ చేస్తున్నావా?" అని నవ్వబోయాడు రాకెట్టు. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు.

ఆమె తన ఫోను తెరిచి అందరికీ కనబడేలా పట్టుకుంది. తెర మీద ఒక అచ్చు కాగితం ఫొటో. పైన 'చివరి అధ్యాయం' అని ఉంది. ఫొటో కింద, ఆన్‌లైన్లో ఊరూ పేరూ లేని పేజీ పెట్టినవాడెవడో ఒకే ఒక్క వాక్యం రాశాడు: సాయంత్రం ఆరింటికి మిగతాది, ముగింపుతో సహా.

గదిలో ఉన్నవాళ్లకి అదేమిటో చెప్పక్కర్లేదు. 'బూడిద నావ' అయిదో భాగం. ఇంకా అచ్చుకి వెళ్లని పుస్తకం. ఇసుక సముద్రం మీద ఊరు మొత్తాన్ని మోసుకుపోయే ఓ పెద్ద నావ. ఆ నావకి నిప్పు పెట్టిన ద్రోహి ఎవరన్నది చివరి అధ్యాయంలో తేలుతుంది. ఆ ఒక్క ప్రశ్న మీద ఈ గదిలో ఏళ్ల తరబడి కొట్టుకున్నారు.

గది డాక్టరమ్మ పళ్ల క్లినిక్‌లో పేషెంట్లు కూర్చునే ముందు గది. ఆదివారం మధ్యాహ్నం పేషెంట్లు ఉండరు. అప్పుడది వీళ్లది. రాక్షసులు, మంత్రాలు, గ్రహాంతర నౌకలు ఉన్న పుస్తకాలు తప్ప ఇంకేవీ రుచించని ఈ అయిదుగురూ చేరి, ఎవరెవరు ఏం చదువుతున్నారో చెప్పుకుంటారు. లవంగ నూనె వాసనలో, గోడ మీద పుచ్చిపన్ను బొమ్మ కింద, వేరే లోకాల గురించి గంటలకొద్దీ వాదించుకుంటారు.

ప్రూఫక్కకి ఆ పేరు ఉద్యోగం వల్ల వచ్చింది. ఆమె ఓ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతుంది. 'బూడిద నావ' వేసేది ఆ సంస్థే.

"ఈ మార్జిన్లో దిద్దుబాటు చూడండి," అందామె. "ఆకుపచ్చ సిరా. మా ఆఫీసులో అందరూ ఎర్ర సిరాతో దిద్దుతారు. నేనొక్కదాన్నే పచ్చ సిరా వాడతాను. అంటే ఇది నా దగ్గరున్న కాపీ."

మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు. అరవలేదు, తిట్టలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. పని తొందర వల్ల ప్రూఫు ఇంటికి తీసుకెళ్లడానికి అనుమతి ఇచ్చింది తనేనని, ఇప్పుడు తన మెడ మీద కూడా కత్తి ఉందని చెప్పాడు. ఆరు లోపు మళ్లీ చేస్తానన్నాడు. అప్పటికి తనకొక పేరు కావాలి. పేరు దొరక్కపోతే పోలీసు కంప్లయింటులో ఆమె పేరే రాస్తారు. ఉద్యోగం సంగతి ఇక అడగక్కర్లేదు.

"మీ ఇంట్లోనే ఎవరైనా తీశారేమో," అన్నాడు రాకెట్టు.

ఆమె ఫొటో కింది మూల వేలితో పెద్దది చేసింది. కాగితం అంచున నీలం రెక్సిన్, దాని మీద చిరుగుకి అంటించిన తెల్ల ప్లాస్టరు. నలుగురి తలలూ ఒక్కసారే పక్కకి తిరిగాయి. గోడవార బల్ల మీద అదే నీలం రెక్సిన్, అదే ప్లాస్టరు. ఆ ప్లాస్టరు మీదే రాకెట్టు కూర్చుని ఉన్నాడు. వాత పెట్టినట్టు లేచి నిలబడ్డాడు.

పోయిన ఆదివారం ప్రూఫు ఆమె సంచీలో ఉంది. సంచీని కంటికి దూరం చేసింది ఒక్కసారే. దవడ పన్ను పీకేస్తున్నట్టు సలుపుతుంటే డాక్టరమ్మ లోపలి గదిలోకి లాక్కెళ్లి కుర్చీలో పడుకోబెట్టింది. సంచీ ఈ బల్ల మీద ఉండిపోయింది.

"నన్ను కూడా అనుమానిస్తున్నావా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నీ రెండు చేతులూ అప్పుడు నా నోట్లో ఉన్నాయి. నువ్వు కాదు."

మిగిలింది ముగ్గురు.

మేష్టారు ఒకరు. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ప్రతి నవలలోనూ గురుత్వాకర్షణ తప్పు పట్టుకోకపోతే ఆయనకి అన్నం సహించదు. రెండు కళ్లకీ శుక్లాలు, త్వరలో ఆపరేషను. తేడా వస్తే ముగింపు చదవకుండానే చూపు పోతుందమ్మా, ఒక్క అధ్యాయం చూపించు అని నెల రోజులుగా ప్రూఫక్కని బతిమాలుతున్నారు.

రాకెట్టు ఇంకొకడు. లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని నాలుగో అంతస్తుకి పంపి, సాయంత్రం నుంచి అంతరిక్షంలోకి పంపే పుస్తకాలు చదువుతాడు. ఈ మధ్యే కొత్త ఫోను కొన్నాడు. దాని కెమెరా గురించి వినీ వినీ అందరి చెవులూ చిల్లులు పడ్డాయి.

మూడోవాడు ప్రూఫక్క మరిది. ఆమె భర్తకి తమ్ముడు. ఫ్లెక్సీలు, బ్యానర్లు డిజైన్ చేసే షాపులో పని. వదిన కాపరానికి వచ్చిన కొత్తలో సూట్‌కేసు నిండా తెచ్చుకున్న పుస్తకాలు దొంగతనంగా చదవడంతో మొదలైంది అతని పిచ్చి. ఆమె అతన్ని ఈ గదికి తీసుకొచ్చిన రోజు నుంచి అందరూ వేళాకోళంగా 'మరిది గారూ' అనే పిలుస్తారు. గోడ మీద పుచ్చిపన్ను బొమ్మ పక్కన ఉన్న పెద్ద పోస్టరు అతను గీసిందే. 'బూడిద నావ'లో నావ మీద దీపాలు వెలిగించే కుర్రాడు. దిక్కులేని పసివాణ్ణి ఇసుకలోంచి ఎత్తుకొచ్చి నావ పెద్ద సొంత కొడుకులా పెంచుతుంది. మరిదికి ఆ పాత్రంటే ప్రాణం.

ట్రేలో మొదట ఫోను పెట్టింది అతనే. లాక్ తీసి మరీ పెట్టాడు. "చూసుకో వదినా. అందరివీ చూడు. నిన్నింత ఏడిపించినవాణ్ణి ఊరికే వదలకూడదు."

మిగతా ఇద్దరూ పెట్టారు. డాక్టరమ్మ ఒక్కో ఫోనులో ఫొటోలు కిందిదాకా జరిపి చూసింది. రాకెట్టు ఫోన్లో లిఫ్టు మోటార్లు, మేష్టారి ఫోన్లో మనవరాలు, మరిది ఫోన్లో బ్యానర్లు. ప్రూఫు ఫొటో ఒక్కటీ లేదు. తీసినవాడు పనయ్యాక ఉంచుకుంటాడా అన్నాడు రాకెట్టు. ఆ మాట నీకెలా తట్టిందని మేష్టారు అందుకున్నారు. బతిమాలింది మీరు, నేను కాదని రాకెట్టు తిరిగి అంటించాడు. ఈ మనిషి వయసేంటి, నువ్వనే మాటేంటి అని డాక్టరమ్మ కసిరింది. ఆ రోజు ఎవరెవరు ఎప్పుడు బయటికెళ్లారో తేల్చబోయారు. మేష్టారు బాత్‌రూముకి వెళ్లారు, రాకెట్టు కింద లిఫ్టు ఇరుక్కుందంటే దిగాడు, మరిది టీలు చెప్పడానికి వెళ్లాడు. ముగ్గురూ బయటికి వెళ్లారు, ముగ్గురూ కాసేపు గదిలో ఒంటరిగా ఉన్నారు. తేలింది ఏమీ లేదు.

గోడ గడియారంలో పెద్ద ముల్లు కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

ప్రూఫక్క తలుపు దగ్గర్నుంచి వచ్చి, తన ఫోను కూడా ట్రేలో పెట్టి, కుర్చీలో కూలబడింది. పోలీసు స్టేషన్ బెంచీ మీద తను కూర్చున్నట్టు, భర్త గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో తెలీక చూస్తున్నట్టు కళ్లకి కట్టింది.

మేష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇవాళ్టితో ఈ గుంపు ఆఖరని తెలిసిపోతోంది. రేపటినించి ఒకరి మొహం ఒకరం చూసుకోం. పోయే ముందు మన పద్ధతి ఒక్కసారి కానిద్దాం. ఎవరెవరు ఏం చదువుతున్నారో చెప్పండి."

"ఇప్పుడా మేష్టారూ?" అంది డాక్టరమ్మ.

"ఇంకెప్పుడమ్మా?"

అందరూ పుస్తకాల కోసం సంచీలు దగ్గరికి లాక్కున్నారు. ఆ పద్ధతికి కొన్ని నియమాలున్నాయి. చదువుతున్న పుస్తకం బయటికి తీసి బల్ల మీద పెట్టాలి. గుర్తు ఎక్కడుందో చూపించాలి. గుర్తుల కోసం డాక్టరమ్మ పనికిరాని పాత పంటి ఎక్స్‌రే ముక్కలు ఇస్తుంది. అందరి పుస్తకాల్లోంచీ ఎవరివో దవడలు తొంగిచూస్తుంటాయి. ఎవరైనా కథలో రహస్యం చెప్పబోతుంటే ముందు బల్ల మీద రెండుసార్లు కొట్టాలి. అక్కడిదాకా చదవనివాళ్లు చెవులు గట్టిగా మూసుకుని, చెప్పేది తమకి వినబడకుండా మూలగాలి. మళ్లీ ఒకసారి కొట్టేదాకా తియ్యకూడదు. ఇంకో నియమం ఎవరూ పెట్టింది కాదు, దానంతటదే వచ్చింది. ఇంట్లో, ఆఫీసులో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. ఈ గదిలో చదువుతున్న పుస్తకం గురించి మాత్రం ఎవరూ అబద్ధం ఆడరు.

డాక్టరమ్మ మొదలుపెట్టింది. అయిదో భాగం వచ్చేలోపు నాలుగూ మళ్లీ చదవాలని మొదటి భాగం పట్టుకుంది. ఎక్స్‌రే ముక్క ఇంకా మొదట్లోనే ఉంది. పేషెంటుకి మత్తు ఎక్కేలోపు రెండేసి పేజీలు చదువుతోందట.

రాకెట్టు ఓ లావుపాటి పుస్తకం పెట్టాడు. చంద్రుడి దాకా తాడు కట్టి లిఫ్టు వేసే కథ. "వీళ్లకి కేబుల్ గ్రీజు గురించి ఒక్క ముక్క తెలీదు," అన్నాడు నీరసంగా. మామూలుగా అయితే దాని మీద అరగంట నవ్వుకునేవాళ్లు.

మేష్టారు నాలుగో భాగం పెట్టారు. పేజీలు కళ్లకి ఆనక భూతద్దం కూడా పక్కనే పెట్టారు. గుర్తు పోయినవారం ఉన్న చోటునుంచి వేలెడు కూడా జరగలేదు.

మరిది తన సంచీలోంచి రెండో భాగం తీసి బల్ల మీద పెట్టాడు. ఎక్స్‌రే ముక్క మధ్యలో ఉంది.

"నూనె బేరం అధ్యాయం," అన్నాడు.

రాకెట్టుకి ఆ పరిస్థితిలో కూడా నవ్వొచ్చింది. "అది చదివేవాళ్లు కూడా ఉన్నారా మరిది గారూ? ఎన్నిసార్లు చదివినా నేనది గెంతేస్తాను."

"నేనూ అంతే," అంది డాక్టరమ్మ. "నావ ఆపుతారు, దీపాలకి నూనె కొంటారు, మళ్లీ నావ ఎక్కుతారు. అంత పెద్ద రచయిత్రికి ఆ రోజు నిద్ర వచ్చి ఉంటుంది."

"మొదటి భాగం ఎప్పుడు పూర్తి చేశావోయ్?" అని అడిగారు మేష్టారు.

"మొదటిది తియ్యలేదు మేష్టారూ. ఊరికే... ఆ అధ్యాయం ఒకటి చూద్దామని."

ప్రూఫక్క ముందుకి వంగి ఎక్స్‌రే ముక్క ఉన్న చోటు మళ్లీ చూసింది.

ప్రూఫు దిద్దడం ముగించిన సాయంత్రం ఆమె చేసిన మొదటి పని ఆమెకి గుర్తొచ్చింది. కళ్లు మండుతున్నా అలమార తెరిచి, రెండో భాగం తీసి, నిలబడే పేజీలు తిప్పి నూనె బేరం అధ్యాయం దగ్గర ఆగింది. ద్రోహి పేరు తెలిశాక ఏ పాఠకుడైనా చేసే పని అదే. ఇంత పెద్ద సంగతి ముందే ఎక్కడ దాచిపెట్టారో వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు. అది దాచింది అక్కడే. అందరూ గెంతేసే అధ్యాయంలో, అందరూ గెంతేస్తారని తెలిసే.

ముగింపు చదవనివాళ్లకి ఆ అధ్యాయంతో పని లేదు. చదివినవాళ్లు మాత్రం నేరుగా అక్కడికే పోతారు. ఇప్పటిదాకా ఈ ఊళ్లో అలా పోయింది తనొక్కతే అనుకుంది.

గొంతు విప్పి అది చెప్పేద్దామనుకుంది. చెప్పలేకపోయింది. ఆ అధ్యాయంలో ఏముందో చెబితే ముగింపు చెప్పినట్టే. మేష్టారు అంత చూపు పోతుందన్న భయంలో కూడా ఈ వారం వేలెడు ముందుకి జరగలేదు, మోసం చెయ్యలేదు. ఆయన దగ్గర్నుంచి ఆ ముగింపుని లాగేసుకునే హక్కు తనకి లేదు.

ఆమె బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

డాక్టరమ్మ తెల్లబోయింది. "ఏం చేస్తున్నావే? ఇప్పుడు చెప్పేస్తావా?"

"మూసుకోండి," అంది ప్రూఫక్క.

అలవాటు మనిషిని ఆలోచించనివ్వదు. డాక్టరమ్మ రెండు చెవులూ అరచేతులతో అదిమి కళ్లు కూడా మూసుకుంది. మేష్టారు తల వంచుకుని, ఏదో పాత పాట శ్రుతి తప్పి మూలగడం మొదలుపెట్టారు. రాకెట్టు గోడవైపు తిరిగి, ఇరుక్కున్న లిఫ్టు మోటారులా గుర్రుమన్నాడు.

మరిది చేతులు సగం పైకి లేచాయి. వదిన కళ్లలోకి చూశాడు. చేతులు మెల్లగా మళ్లీ ఒళ్లోకి దిగాయి.

ఆ మూలుగుల మధ్య ఆమె అతని పక్కకి జరిగి కూర్చుంది.

"నూనె డబ్బాలు ఎన్ని కొనాలో నావ పెద్ద చెప్పి పంపుతుంది," అంది. "దీపాల కుర్రాడు ఇంకో డబ్బా ఎక్కువ కొంటాడు. దాని గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు. నువ్వు చూసింది ఆ డబ్బా కోసమేనా?"

అతను పుస్తకాన్ని తనవైపు లాక్కున్నాడు.

"అందరూ మూసుకున్నారు. నువ్వెందుకు మూసుకోలేదు?"

"వాడలాంటివాడు కాదొదినా. ఇన్నేళ్లుగా చదువుతున్నాం. నావ పెద్ద కోసం ప్రాణం ఇచ్చేవాడు. వాడి చేత నిప్పు పెట్టిస్తుందా ఆ రచయిత్రి? ఆవిడ తప్పు రాసింది. అచ్చుకాకముందే గోల జరిగితే మార్చక చస్తారా అనుకున్నాను. అంతే. ఫొటోలు తీసి, నేనే పేజీ పెట్టి, మిగతావి ఆరింటికి వచ్చేలా అందులో ఎక్కించి, ఫోన్లోవి తుడిచేశాను. పచ్చ సిరా సంగతి నాకు తట్టలేదు. నీ మీదికి వస్తుందనుకోలేదు. నీ మీద ఒట్టు."

"ఇందాక తెలిసింది కదా వచ్చిందని?"

అతను గోడ మీది పోస్టరువైపు చూశాడు.

ఆమె ట్రేలోంచి అతని ఫోను తీసి ముందు పెట్టింది. "తీసెయ్."

"వదినా, ఒక్క మాట విను..."

"తీసెయ్ ముందు."

రెండుసార్లు తప్పు నొక్కాడు. పేజీ పోయింది. అతను తెర ఆమెవైపు తిప్పి చూపించాడు. తెర తెల్లగా ఉంది. ఆరింటికి ఇక ఏదీ బయటికి రాదు.

మేష్టారి పాట రెండో చరణంలోకి వెళ్లింది. డాక్టరమ్మ ఊపిరందక ఒకసారి ఆగి మళ్లీ మూలుగు అందుకుంది.

మరిది కళ్లు తుడుచుకుని దగ్గరికి వంగాడు. "పోయిందిగా. ఇంక ఎవరికీ తెలియక్కర్లేదు. బస్సులో సంచీ మర్చిపోయానని చెప్పు, ఎవరో తెచ్చిచ్చారని చెప్పు. నువ్వు అక్కడ ఎన్నో ఏళ్లుగా చేస్తున్నావు, నీ మీద కేసు దాకా వెళ్లరు. నా పేరు చెబితే మాత్రం వదలరు. అన్నయ్య నన్ను గడప తొక్కనివ్వడు. అమ్మ మంచం పడుతుంది. ఒక్కసారి వదినా."

ఒక్కసారి. అతను స్కూటరు తీసుకెళ్లి గోడకి గుద్దినప్పుడు గుద్దింది తనేనని అత్తగారికి చెప్పింది ఆమె. నెల రోజులు పనికి పోకుండా టిఫిను డబ్బాతో పార్కులో కూర్చుంటే షాపుకి సెలవులని ఇంట్లో చెప్పింది ఆమె. ప్రతిసారీ ఇదే మొహం, ఇదే తడి కళ్లు, ఇదే మాట. నిజానికి ఇప్పుడు కూడా అబద్ధం తయారై నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. బస్సు నంబరుతో సహా.

ట్రేలో ఆమె ఫోను గింగిరాలు తిరుగుతూ మోగింది. స్టీలు మీద ఆ మోత డ్రిల్లింగు మిషనులా ఉంది. తెర మీద మేనేజరు పేరు.

మరిది ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నావ పెద్దకి కూడా తెలుసు కదా," అన్నాడు గుసగుసగా. "మొదటిసారి నిప్పు పెట్టింది వాడేనని తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు. చివరిదాకా చెప్పలేదు."

"అందుకే రెండోసారి నిప్పు పెట్టాడు," అంది ప్రూఫక్క. "అందుకే నావ మొత్తం కాలిపోయింది."

మణికట్టు విడిపించుకుని బల్ల మీద ఒకసారి కొట్టింది.

మూలుగులు ఆగాయి. మేష్టారు తలెత్తారు. డాక్టరమ్మ కళ్లు తెరిచి, ముందు స్నేహితురాలి మొహం, తర్వాత మరిది మొహం చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాకెట్టు గోడవైపు నుంచి తిరిగి, "అయిపోయిందా? నేనొక్క ముక్క వినలేదు, ఒట్టు," అన్నాడు.

ఆమె ఫోను ఎత్తి స్పీకరు నొక్కింది. అందరూ వినాలి. ఈసారి ఎవరూ చెవులు మూసుకోనక్కర్లేదు.

మేనేజరు పలకరింపులు పెట్టుకోలేదు. "పేజీ మాయమైందని ఇప్పుడే చెప్పారు. సంతోషం. కానీ స్టేషన్‌లో మనవాళ్లు కూర్చుని ఉన్నారు. కంప్లయింటు కాగితం నా ముందుంది. పేరు దొరికిందా, మీ పేరే రాయమంటారా?"

పోస్టరులో దీపాల కుర్రాడు చేతిలో చిన్న దీపంతో నవ్వుతున్నాడు. దాని కింద కూర్చున్న మనిషి తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు వదినా, వద్దు అని పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఆమె ఫోనుని నోటికి దగ్గరగా జరుపుకుంది.

"దొరికింది సార్. రాసుకోండి," అంది. "బయటివాళ్లెవరూ కాదు. మా మరిది. మా ఆయన సొంత తమ్ముడు."